నవంబరు ఒకటి: ఒకే తేదీకి కట్టిన తుపానులు

పత్రికలలో "చరిత్రలో ఈనాడు" అనే శీర్షిక పాఠకులకు చిరపరిచితమే. మహాపురుషుల జననమరణాలు, యుద్ధాలు, సంధులు ఏ తేదీకి ఆ తేదీగా అందులో కనిపిస్తవి. అదే పద్ధతిలో వాతావరణానికి కూడా జాబితాలు కూర్చే అలవాటు ఒకటి ఉన్నది. ఏదో ఒక తేదీని తీసుకొని, ఆ తేదీన ఏ శతాబ్దంలో ఏ దేశంలో ఉప్పెన వచ్చినదో, ఎక్కడ మంచు కప్పినదో, ఎక్కడ ఎండ మాడ్చినదో వరుసగా చెప్పుకొంటూ పోవడం వీటి స్వరూపం. చదువరి కాఫీ త్రాగుతూ రెండు నిమిషాలలో చదివి, "అబ్బో" అనుకొని పుట తిప్పుతాడు. అంతవరకు నష్టమేమీ లేదు. కాని వీటిని విజ్ఞానశాస్త్రం పేరుతో ప్రకటిస్తున్నప్పుడు, శాస్త్రం కోరే పరీక్షకు ఇవి నిలుస్తవా అని అడగడం న్యాయం.

పరీక్షకు నవంబరు 1వ తేదీని తీసుకొనవచ్చును. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినంగా ఈ తేదీ తెలుగువారికి తెలిసినదే. తుపానుల జాబితా కూర్చేవారికి కూడా ఇది పంట పండించే తేదీ. 1570లో ఉత్తర సముద్రం పొంగి నెదర్లాండ్సు తీరాన్ని ముంచివేసినది. మృతులు 20,000కు మించి ఉంటారని సాధారణమైన అంచనా. 1864లో బందరు మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. 1876లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో చేరిన బాకర్‌గంజ్ ప్రాంతంలో వచ్చిన తుపానుకు రెండు లక్షల మంది బలి అయినారు. 1991లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో మంచు తుపాను పట్టి, అది విడిచేనాటికి డులూత్ నగరంలో 36.9 అంగుళాల మంచు పేరుకొన్నది. 2020లో గోనీ అనే తుపాను ఫిలిప్పీన్సులోని కటాండ్వానెస్ దీవిని తాకినది; భూమిని తాకే వేళ అంత బలంగా ఉన్న తుపానులు ప్రపంచ చరిత్రలో బహు అరుదు.

నాలుగు వందల యాభై ఏండ్లు, మూడు ఖండాలు, ఒకే తేదీ. ఇంత పోలిక చూచిన తరువాత చదువరికి ఆ తేదీలోనే ఏదో ఉన్నదనిపించడం సహజం. ఆ మాట జాబితా కూర్చినవారు పైకి అనరు. అనకుండానే అనిపించడం ఈ రచనల చమత్కారం. తప్పు కూడా అక్కడే ఉన్నది.

ముందుగా తేదీ సంగతే చూతము. 1570 నాటి నవంబరు 1 జూలియన్ పంచాంగం ప్రకారం లెక్కించినది. గ్రిగరీ పోపు సవరించిన పంచాంగం 1582లో గాని రాలేదు. నేటి లెక్కలోనికి మార్చితే ఆ ఉప్పెన నవంబరు 11వ తేదీ అవుతుంది. అంటే సూర్యుని చుట్టూ భూమి తిరిగే దారిలో ఆనాడు భూమి ఉన్న చోటు, 1864 నవంబరు 1న ఉన్న చోటు ఒకటి కావు. పది రోజుల ఎడం ఉన్నది. ఇక 2020 తుపాను కటాండ్వానెస్‌ను తాకినది అక్కడి గడియారం ప్రకారం నవంబరు 1, తెల్లవారుజాము 4 గంటల 50 నిమిషాలకు. వాతావరణ శాస్త్రవేత్తలు ప్రపంచమంతటికి ఒకటిగా వాడుకొనే కాలమానంలో అది అక్టోబరు 31, రాత్రి 8 గంటల 50 నిమిషాలు. ఒకే తుపాను రెండు తేదీలలో కూర్చున్నది. బాకర్‌గంజ్ తుపాను సంగతి ఇంకా విచిత్రం. అది అక్టోబరు 31 రాత్రి మొదలై అర్ధరాత్రి దాటి ప్రాణాలు తీసినది. దానిని గురించి, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన జాన్ ఎలియట్ 1877లో ప్రచురించిన నివేదిక పేరులో నవంబరు ప్రసక్తే లేదు. "1876 అక్టోబరు నాటి విశాఖపట్నం, బాకర్‌గంజ్ తుపానులు" అనే అర్థం వచ్చేటట్లు పేరు పెట్టినాడు. జాబితాలో ఐదు పంక్తులుంటే మూడింటికి తేదీయే గట్టిగా నిలువలేదన్నమాట.

ఉత్తర సముద్రపు ఉప్పెనలకు మరొక చిక్కు కూడా ఉన్నది. ఆ దేశాలలో వెనుకటి కాలంలో ఉప్పెనలకు దగ్గరలో ఉన్న పండుగ పేరు పెట్టేవారు. 1570 నాటిది సకల పునీతుల పండుగ ఉప్పెన. 1717లో వచ్చినది క్రిస్మసు ఉప్పెన. పునీత ఎలిజబెత్ పేరున అయితే 1404, 1421, 1424 సంవత్సరాలలో మూడు ఉప్పెనలున్నవి. మూడూ నవంబరు 19 వద్దనే. మన దివిసీమ ఉప్పెన 1977లో వచ్చినది నవంబరు 19నే గదా అని జాబితా కూర్చేవారు వెంటనే దానిని కూడా ఆ వరుసలో కూర్చోబెట్టగలరు. కాని 1421 నాటి నవంబరు 19ని నేటి పంచాంగంలోనికి తెస్తే 28 అవుతుంది. పండుగ పేరుతో గుర్తు పెట్టుకొన్న ఉప్పెన తేదీల జాబితాలలో సులువుగా ఇముడుతుంది. పేరు లేని ఉప్పెన మరుగున పడుతుంది. కాబట్టి జాబితాలో కనిపించే తేదీలు కొంతవరకు వాతావరణానివి, కొంతవరకు పండుగలవి.

ఇంకొక చిన్న లెక్క. ప్రపంచ చరిత్రలో ప్రాణాలు తీసిన గాలివానలు వేయి లెక్కకు దొరికినవనుకొందాము. సంవత్సరంలోని 366 తేదీలకు పంచితే ఒక్కొక్క తేదీకి దాదాపు మూడేసి వస్తవి. గాలివానలు ఏడాది పొడుగునా సమంగా రావు, ఋతువును బట్టి వస్తవి గనుక అక్టోబరు, నవంబరు తేదీలకు మూడు బదులు ఐదో ఆరో రావడంలో వింత లేదు. వేసవి నడుమ తేదీకి బంగాళాఖాతపు తుపాను దొరకకపోతే మినెసోటాకో, సహారాకో పోయి ఏదో ఒకటి తెచ్చి ఖాళీ పూరింపవచ్చును. ఏ తేదీకి అడిగినా జాబితా సిద్ధమవుతుంది. ఏ తేదీకైనా సిద్ధమయ్యే జాబితా ఏ తేదీని గురించీ ఏమీ చెప్పదు.

మరి ఈ ఐదింటిలో నిజమైన పోలిక ఏదైనా ఉన్నదా? ఉన్నది. అది ఇంగ్లీషు తేదీలో లేదు, చంద్రునిలో ఉన్నది. 1864 అక్టోబరు 30 అమావాస్య, అదే దీపావళి అమావాస్య. బందరు ఉప్పెన దాని తరువాత రెండవనాడు వచ్చినది. 1876లో బాకర్‌గంజ్ తుపాను కార్తిక పౌర్ణమి ముంగిట వచ్చినది. రెండూ నవంబరు 1నే అయినా, తిథులలో ఇంచుమించు పక్షం రోజుల దూరం. కాని అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలిసి సముద్రపు పోటు హెచ్చుతుందని పడవ నడిపే ప్రతివాడికీ తెలుసు. 1570 ఉప్పెనకు వెనుకకు లెక్క కట్టితే, అప్పటికి అమావాస్య దాటి సుమారు మూడు రోజులయినట్లు తేలుతుంది. పర్వదినపు పోటు ఇంకా బాగా తగ్గని సమయం. తేదీని పట్టుకొన్న జాబితా ఈ మూడింటినీ ఒకచోట చేర్చినది గాని, చేర్చదగిన కారణాన్ని మాత్రం వదలివేసినది.

పోటు ఒక్కటే ఉప్పెన కాదు. తుపాను నడిబొడ్డులో గాలి పీడనం తగ్గుతుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. యాభై మిల్లీబార్లు తగ్గినా లేచేది అర మీటరే. మిగిలిన మీటర్ల ఎత్తు గాలి చేసే పని. లోతైన సముద్రంలో గాలి త్రోసిన నీరు అడుగున వెనుకకు జారిపోగలదు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువై, చాలా దూరం ఆ తీరుగానే ఉంటే నీటికి పోయే దారి లేదు, గట్టెక్కవలసిందే. కృష్ణ ముఖద్వారం వద్ద ఒడ్డు లోపలికి వంగి, అడుగు మెరకగా ఉంటుంది. బంగాళాఖాతపు తల భాగమైతే గరాటు వలె ఇరుకైపోతూ, మేఘనా నది తెచ్చిన ఒండ్రుతో మెరకెక్కి ఉన్నది. బందరు వద్ద మామూలు పోటుపాటుల తేడా మీటరు, మీటరున్నర. మేఘనా మూతిలో దానికి రెండు మూడింతలు. అందుకే పోటు వేళకు తుపాను కలియడం బందరుకు అపాయమైతే, బాకర్‌గంజ్‌కు ప్రళయం. మినెసోటా మంచుకు వీటితో ఏ సంబంధమూ లేదు. అది ఉత్తరపు చలిగాలి, దక్షిణపు తేమగాలి ఒరసుకొన్నందువల్ల పుట్టిన శీతల మండలపు తుపాను. 1570 నాటి ఉత్తర సముద్రపు గాలివాన కూడా ఆ జాతిదే. బంగాళాఖాతపు తుపాను వెచ్చని సముద్రం నుండి, అనగా 26 డిగ్రీలకు మించిన నీటి నుండి, బలం పుంజుకొనేది. నైరుతి ఋతుపవనం నడుమ పైగాలికి, క్రిందిగాలికి వేగంలోను దిక్కులోను తేడా ఎక్కువై సుడి నిలువెత్తున లేవకుండా చెదరిపోతుంది. ఆ తేడా సన్నగిల్లే అక్టోబరు, నవంబరులలోను, ఋతుపవనానికి ముందు మే నెలలోను పెనుతుపానులు రావడానికి కారణమదే. ఇది ఋతువు చెప్పే సంగతి. ఒకటో తేదీ చెప్పేది కాదు.

అంకెల విషయంలో కూడా ఈ జాబితాలు మొగమాటం లేకుండా విమర్శింపదగినవి. గోనీ తుపాను గాలి వేగం గంటకు 315 కిలోమీటర్లని ఒకరు, 220 అని ఒకరు వ్రాస్తారు. రెండూ తప్పు కావు. మొదటిది అమెరికా సంస్థ ఒక నిమిషపు సగటుగా అంచనా కట్టినది; రెండవది జపాను వాతావరణ శాఖ పది నిమిషాల సగటుగా చెప్పినది. ఏ సగటో చెప్పక అంకె మాత్రమే వేస్తే పాఠకుడు వేరొక తుపానుతో పోల్చి మోసపోతాడు.

మృతుల సంఖ్యలు మరీ అన్యాయం. 1839 నవంబరులో కోరంగిని ధ్వంసం చేసిన తుపానుకు మూడు లక్షల మంది, ఇరవైవేల ఓడలు అని జాబితా తరువాత జాబితా కాపీ చేస్తూ వస్తున్నది. ఓడలు కట్టడానికి పేరుపడిన రేవే గాని, కోరంగి మహానగరం కాదు. 1871 జనాభా లెక్కలలో చెన్నపట్నం వంటి రాజధానిలోనే నాలుగు లక్షలు లేరు. అటువంటప్పుడు గోదావరి మూతి వద్ద ఒక చిన్న రేవుకు మూడు లక్షలు అంటగట్టడం ఏ మాత్రం ఆలోచించినా మింగుడు పడదు. ఆ తుపానును పరిశీలించిన హెన్రీ పిడింగ్టనే "సైక్లోన్" అనే మాటను 1848లో తన గ్రంథంలో ప్రవేశపెట్టినవాడు. ఆ సంగతి తెలుగువారికి గర్వంగా చెప్పదగినదై ఉండగా, దానిని వదలి నమ్మరాని అంకెను పట్టుకొని వ్రేలాడడం ఎందుకో తెలియదు.

కాపీల వల్ల కలిగే హాని ఇంతటితో ఆగదు. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న 58 డిగ్రీల సెంటీగ్రేడు ఎండ కాసినదని తొంభై ఏండ్లు పాఠ్యపుస్తకాలలో కూడా అచ్చయినది. ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు అసలు నమోదు పుస్తకం తీసి చూచి, అనుభవం లేని పరిశీలకుడు ఉష్ణమాపకాన్ని తప్పుగా చదివి ఉంటాడని, సుమారు ఏడు డిగ్రీలు ఎక్కువ వ్రాసినాడని తేల్చి 2012లో ఆ రికార్డును కొట్టివేసినారు. తేదీల జాబితాలలో అది ఇప్పటికీ తొంగిచూస్తూనే ఉన్నది.

ఇటువంటి పని ఎట్లా చేయాలో చూపినవారు లేకపోలేదు. డచ్చి దేశపు చారిత్రక భూగోళవేత్త ఎలిజబెత్ గోట్‌షాల్క్ 1971-77 మధ్య మూడు సంపుటాలలో ఆ దేశపు ఉప్పెనలను, నదీ వరదలను పరిశీలించినది. పాత చరిత్రకారుల మాటలను ఆమె వరుసగా నమ్మలేదు. ప్రతి ఉప్పెనకు ఆ కాలపు దస్తావేజులు, లెక్కల పుస్తకాలు సాక్ష్యం చెప్పవలసిందే అన్నది. అట్లా జల్లెడ పట్టగా, ఒకరిని చూచి ఒకరు వ్రాసినందువల్ల పుట్టిన ఉప్పెనలు, తేదీ తారుమారై రెండుసార్లు లెక్కకు వచ్చిన ఉప్పెనలు ఎన్నో జారిపోయినవి. జాబితా పొట్టిదయినది, కాని మిగిలినది నమ్మదగినది. కొత్త ఉప్పెనను కనుగొనడం ఎంత గొప్పో, లేని ఉప్పెనను తొలగించడం కూడా అంతే గొప్ప. తెలుగు తీరానికి అటువంటి గ్రంథం ఒకటి కావలసి ఉన్నది.

అన్నింటికంటె పెద్ద లోపం మరొకటి. తేదీ లేని విపత్తు ఈ జాబితాలలోనికి రాలేదు. 1876 నవంబరు 1న బాకర్‌గంజ్ నీటిలో మునిగిన వేళ, దక్కనులోను, బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలలోను నైరుతి వానలు తప్పి నేల బీటలు వారి ఉన్నది. ఆ మహాక్షామంలో 1876-78 మధ్య దేశంలో 50 లక్షలకు పైగా ప్రజలు మరణించినారని అంచనా. వాన పడని రోజు ఏది అని అడిగితే ఏ తేదీ చెప్పగలరు? బాకర్‌గంజ్ మృతుల రెండు లక్షలలో కూడా సుమారు సగం మందే నీటిలో పోయినవారు; మిగిలినవారు తరువాతి వారాలలో, నెలలలో కలరాకు, తిండిలేమికి బలి అయినవారు. వారిని నవంబరు 1 ఖాతాలో వేయడం లెక్కకు సులువే గాని, మంచినీరు, మందులు అందించి ఉంటే ఎందరు బ్రతికేవారన్న ప్రశ్నను మాయం చేస్తుంది. 2015 మే నెలాఖరులో వడగాలికి దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే అందులో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలవారే. వడదెబ్బ ఉప్పెన వలె ఒక రాత్రి రాదు. కూలికి పోయినవానిని రోజుకొకనిగా తీసుకొనిపోతుంది. అది ఏ తేదీ పుటలోను పతాక శీర్షిక కాదు.

జాబితాలకు ఒక సుగుణం ఉన్నదని ఒప్పుకొనవలసిందే. మరచిపోయిన వారిని ఒక పంక్తిలోనైనా అవి నిలుపుతవి. 1864 అక్టోబరు 5న కలకత్తాను కొట్టిన తుపానుకు సుమారు 60,000 మంది పోయినారు. రాజధానిని తాకినది గనుక దాని మీద విచారణ జరిగినది, నివేదిక వెలువడినది, 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు వచ్చినది. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు చెప్పే కారణాలలో అది మొదటిది. నాలుగు వారాలు తిరుగక ముందే బందరులో పోయిన 30,000 మంది పేరు ఆ కథలో సాధారణంగా వినబడదు. నవంబరు 1 జాబితా వారిని తలచుకొన్నందుకు మెచ్చుకొనవచ్చును.

కాని తలచుకొన్న తరువాత అడుగవలసిన ప్రశ్న అడుగరు. 1570 నవంబరు 1 ఉదయమే, చాలా పెద్ద పోటు రానున్నదని బెర్గెన్ ఆప్ జూమ్ పట్టణపు అధికారులు హెచ్చరిక పంపినారు. హెచ్చరిక అందినవారికి పోవడానికి మెరక నేల, దారి, వ్యవధి లేవు. 2020లో అదే తేదీన అంతకంటె ఎంతో భయంకరమైన గాలి వీచినా, లక్షలాది ప్రజలను ముందుగానే తరలించినందువల్ల మృతుల సంఖ్య పదులలో ఆగినది. మన తీరంలో 1977 నవంబరులో దివిసీమ ప్రాంతంలో సుమారు 10,000 మంది పోగా, 1990 మే 9న ఇంచుమించు ఆ తీరాన్నే తాకిన పెనుతుపానుకు, లక్షల మందిని తరలించిన కారణంగా, మృతులు వేయికి లోబడినారు. ఈ రెండూ వేరు వేరు నెలలలో వచ్చినవి గనుక తేదీల జాబితాలో ఎన్నటికీ ప్రక్క ప్రక్కన కూర్చోవు. ప్రక్క ప్రక్కన పెట్టి చదువవలసినవి మాత్రం అవే.

తేదీ శీర్షికను ఎత్తివేయమని ఎవరూ కోరనక్కరలేదు. పంక్తి కొంచెం పొడుగు చేస్తే చాలును. బందరు పంక్తిని ఈ విధంగా వ్రాయవచ్చును: 1864 నవంబరు 1, రాత్రి; దీపావళి అమావాస్య దాటిన రెండవనాడు, పర్వపు పోటు రోజులలో. వెచ్చని బంగాళాఖాతంలో పుట్టిన తుపాను మెరక సముద్రం మీదుగా సుమారు 13 అడుగుల ఎత్తు నీటిని కృష్ణా డెల్టా మీదికి త్రోసినది. మృతులు సుమారు 30,000. వాతావరణ శాఖ పుట్టడానికి అప్పటికి ఇంకా 11 ఏండ్లు ఉన్నది.